పెట్టెల బాబాయి

పెట్టెల బాబాయికి ఉన్నది ఒకటే జబ్బు. ఎదుటి మనిషి ఏ పని చెయ్యబోయినా, నిజంగానే చేద్దామనుకుంటున్నారా అని అడగకుండా ఉండలేడు. నోటితో అడిగే జబ్బయితే ఇంట్లోవాళ్ళతోనూ ఇరుగుపొరుగుతోనూ పోయేది. ఆయన కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాడు కావడంతో అది ఇరవై ఎనిమిది ఆసుపత్రులకు అంటుకుంది.

ఆ ఆసుపత్రుల్లో రోగుల పేర్లు నమోదు చేసే గుమస్తా దగ్గర్నుంచి మందులిచ్చే కౌంటరు దాకా అందరూ వాడేది ఆయన రాసిన ప్రోగ్రామే. ఏ మీట నొక్కినా తెర మధ్యలో ఠంగుమని ఒక చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో నాలుగు మాటలుంటాయి. కింద "సరే", "వద్దు" అని రెండు బొత్తాలుంటాయి. ఏదో ఒకటి నొక్కేదాకా ఆ పెట్టె కదలదు, వెనకాల ఉన్న పనినీ కదలనివ్వదు. ఇలాంటి పెట్టెలు అందరి ప్రోగ్రాముల్లోనూ ఉంటాయి, కాదనలేం. కానీ అవి దూరపు చుట్టాల్లాగా ఎప్పుడో ఒకసారి మొహం చూపించి పోతాయి. బాబాయి పెట్టెలు ఉమ్మడి కుటుంబంలో మనుషుల్లాగా అటు తిరిగితే ఒకటి, ఇటు తిరిగితే ఒకటి ఎదురుపడుతూనే ఉంటాయి.

పైగా అవి మాట్లాడతాయి. వయసు గడిలో పొరపాటున 214 అని పడిందనుకోండి, వేరేవాళ్ళ ప్రోగ్రామయితే ఎర్రటి ఇంటూ గుర్తు వేసి "చెల్లదు" అని కసురుతుంది. బాబాయిది, "వయసు 214 ఏళ్ళని పడింది. సంతోషమే. అయినా ఒకసారి చూస్తారా?" అంటుంది. రేపటి తేదీ వేస్తే, "రేపు ఇంకా రాలేదనుకుంటాను. నాకే సరిగా కనపడలేదేమో" అంటుంది. ప్రింటర్లో కాగితం అయిపోతే, "కాగితం పెట్టాక సరే నొక్కండి. తొందరేం లేదు" అంటుంది. పొద్దున్నే ప్రోగ్రాము తెరవగానే అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న మరీ విచిత్రం: "టీ కప్పు కాస్త దూరంగా పెట్టుకున్నారా?"

ఈ పెట్టెలన్నిటి తరఫున ఆసుపత్రులవాళ్ళకు జవాబు చెప్పుకోవలసిన మనిషి టీము లీడరు. రెండేళ్ళ కిందట ఆ పనిలోకి వచ్చింది. ఆమెకు ముప్పై తొమ్మిదేళ్ళు. అలసట మాత్రం అంతకంటే చాలా పెద్దది. చెప్పుల దుకాణం మీద మూడో అంతస్తులో వాళ్ళ ఆఫీసు. పదకొండు బల్లలు, పూర్తిగా మూసుకోని కిటికీ ఒకటి, నీళ్ళు కారే ఏసీ ఒకటి, దాని కింద బకెట్టు ఒకటి. బకెట్టు నిండిందో లేదో చూసుకోవడం కూడా ఎలాగో లీడరు పనుల్లోనే చేరిపోయింది. బాబాయి బల్ల ఆమె బల్లకు ఎదురుగానే. వయసులో పెద్దవాడు, కంపెనీ పెట్టిన మొదటి రోజు నుంచీ ఉన్నవాడు. అందరూ ఆయన్ని బాబాయి అనేవాళ్ళు. ఆయన లీడర్ని అమ్మాయ్ అనేవాడు.

బాబాయికి మాట్లాడటం కూడా పెట్టె తెరిచినట్టే. ముందు చిన్నగా దగ్గుతాడు. అది ఠంగు. తరవాత విషయం. చివర ప్రశ్న. మీటింగులో ఎప్పుడైనా నోరు విప్పాల్సి వస్తే, "ఒక మాట చెప్పవచ్చా? చెబితే మీటింగు ఇంకో పది నిమిషాలు సాగుతుంది" అనేవాడు. వద్దంటే ఏమీ అనుకోకుండా కూర్చునేవాడు. ఆఫీసు తలుపు మీద ఆయన చేత్తో రాసిన చీటీ ఒకటి ఉండేది: "ఈ తలుపు బయటికి తెరుచుకుంటుంది. అవతల ఎవరైనా నిలబడి ఉండవచ్చు. తోయమంటారా?" మంచినీళ్ళ డబ్బా మీద ఇంకొకటి: "ఇవి చల్లటి నీళ్ళు. మీ పళ్ళు జివ్వుమంటాయా?" కొత్తగా చేరినవాళ్ళు ఆ చీటీల ముందు నిలబడి ఎవరికి జవాబు చెప్పాలో తెలియక దిక్కులు చూసేవాళ్ళు.

ఆయన భార్యను ఆఫీసులో అందరూ పిన్ని అనేవాళ్ళు. ఒకసారి ఫోనులో ఆవిడ లీడరుతో చెప్పుకుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ దీపం ఆర్పే ముందు ఈయన అడుగుతూనే ఉన్నాడట. ముప్పై ఏళ్ళలో తను ఒక్కసారి కూడా వద్దనలేదట. అయినా ఇవాళ కూడా అడుగుతాడట. "విసుగు రాదా పిన్నీ?" అంది లీడరు. ఆవిడ కాసేపు ఆలోచించి, విసుక్కునే ఓపిక కూడా అయిపోయిందమ్మా అంది.

లీడరుకూ అదే పరిస్థితి వచ్చింది. ఒకరోజు ఊరి చివరి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. పొద్దుట్నుంచీ ప్రోగ్రాము బిగుసుకుపోయిందనీ, రోగుల వరస గేటు దాటిందనీ చెప్పారు. ఆమె రెండు బస్సులు మారి, చెమటలు కక్కుకుంటూ వెళ్ళింది. కౌంటరు గుమస్తా చేతులు కట్టుకుని కూర్చుని, అదిగో చూసుకోండి అన్నట్టు తెర వైపు గడ్డం ఎగరేశాడు. లీడరు తెర మీద ఉన్న పెద్ద కిటికీని పక్కకు జరిపింది. దాని వెనకాల నక్కి ఉంది ఒక చిన్న పెట్టె. "అంతా సవ్యంగానే ఉంది. కంగారు పడకండి. సరేనా?" అని అడుగుతోంది. పొద్దుట్నుంచీ జవాబు కోసం కాచుకుని కూర్చుంది. ఆమె సరే నొక్కింది. ప్రోగ్రాము కదిలింది, వరస కదిలింది. తిరుగు బస్సులో సీటు దొరక్క ఆమె మాత్రం నిలబడే వచ్చింది.

మర్నాడు ఆ సంగతి చెబితే బాబాయి మొహం వాడిపోయింది. "అయ్యో పాపం, పొద్దుట్నుంచీ ఎవరూ జవాబు చెప్పలేదా?" అన్నాడు. జాలి రోగుల మీదో, పెట్టె మీదో ఆమెకు అంతుపట్టలేదు. ఆ వారంలోనే ఇంకో కొత్త పెట్టె పుట్టింది: "వెనకాల ఇంకో పెట్టె ఉంది. చూశారా?"

ఆ జబ్బు ఇంటిదాకా వచ్చిందని ఒక ఆదివారం తెలిసింది. కూతురు పాత నోటుపుస్తకాలు తీసి బయట పడేస్తానంటే, లీడరు వంటగదిలోంచే, "పడేస్తే మళ్ళీ రావు. మీద పేరు ఒకసారి చదువుకున్నావా?" అంది. కూతురు తల్లిని ఎగాదిగా చూసి, సరే అనాలా వద్దు అనాలా అని అడిగింది. 

ఇలా ఉండగా పెద్ద ఆసుపత్రికి కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. కంపెనీకి ఉన్న ఆసుపత్రులన్నిటిలోకీ అదే పెద్దది, ఆరంతస్తులు. ఆయన మొదటి వారంలోనే ఒక కౌంటరు వెనక నిలబడి లెక్కపెట్టాడు. ఒక్క రోగి పేరు నమోదు కావడానికి పదకొండు సార్లు సరే నొక్కాల్సి వస్తోంది. అక్కడి కీబోర్డులన్నిటి మీదా ఎంటర్ మీట అరిగి అద్దంలా నున్నబడిపోయింది. ఈ పెట్టెలు తీసేస్తారా, లేక మమ్మల్నే వేరే ప్రోగ్రాము చూసుకోమంటారా అని ఆయన ఉత్తరం రాశాడు.

కంపెనీ డైరెక్టరు లీడర్ని పిలిచాడు. ఆయన కూడా అలిసిపోయిన మనిషే. రెండు ఫోన్లు ఎదురుగా పెట్టుకుని, ఏది మోగినా ఉలిక్కిపడేవాడు. నెలాఖరులోగా పెట్టెలన్నీ తీసెయ్యమన్నాడు. తరవాత ఒక పట్టిక ఆమె ముందుకు తోశాడు. ప్రోగ్రాములో దొరికే తప్పును బగ్ అంటారు. ఏ తప్పు ఎప్పుడు దొరికింది, ఎవరివల్ల వచ్చింది, ఎలా సరిదిద్దారు అని రాసిపెట్టుకునే బగ్‌ల పట్టిక అది. అందులో బాబాయి పేరు మీద ఉన్నవి నాలుగువందల పన్నెండు. మిగతా అందరివీ కలిపినా అరవై లేవు.

"ఇన్ని తప్పులు చేసే మనిషిని ఇన్నాళ్ళూ ఎందుకు ఉంచుకున్నాం?" అన్నాడు డైరెక్టరు.

 బాబాయి గురించి కూడా ఒక రిపోర్టు రాసివ్వమని, ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉన్నా ఇప్పుడే సాగనంపుదామని డైరెక్టరు చెప్పాడు. ఆమె బల్ల దగ్గరికి వచ్చి ప్రోగ్రాములో పెట్టెలు లెక్కపెట్టింది. సరిగ్గా నాలుగువందల పన్నెండు. తప్పుకో పెట్టె చొప్పున. తప్పు దొరికినప్పుడల్లా దాన్ని బాగుచెయ్యడం చేతకాక మీద ఒక పెట్టె అతికించి ఊరుకున్నాడన్నమాట అనుకుంది. కోపం రావాలి. రాలేదు. కళ్ళు మాత్రం మండాయి.

పెట్టెలు తీసేస్తున్నామని ఆయనకు తనే చెప్పింది.

"అన్నీనా?" అన్నాడు బాబాయి.

"అన్నీ."

"నిజంగా..." అని, ఆ మాట అక్కడే ఆపేశాడు. ఆయన ప్రశ్నను సగంలో మింగడం ఆమె చూడటం అదే మొదటిసారి. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని పనిలో పడ్డాడు.

పెట్టెలు లేని ప్రోగ్రాము పట్టుకుని లీడరు పెద్ద ఆసుపత్రికి వెళ్ళింది. ముందుగా రికార్డుల గదిలో ఒక కంప్యూటర్లో వేసి చూద్దామని ఏర్పాటు. నేల నుంచి కప్పు దాకా ఇనప అరలు, అరల్లో దారంతో కట్టిన ఫైళ్ళు, పైన గరగరమంటూ తిరిగే ఫ్యాను. అక్కడ ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నావిడను ఆరంతస్తుల్లోనూ రికార్డుల అక్కయ్య అనే పిలుస్తారు. దళసరి కళ్ళద్దాలు. అంకెలు చదివేటప్పుడు ముక్కు తెరకు తగులుతుందేమో అనిపిస్తుంది. ఆవిడ కుర్చీ సర్దుకుని పని మొదలుపెట్టింది. మామూలుగా గంటకు నలభై ఫైళ్ళయితే ఆ రోజు ఎనభై దాటింది. లీడరుకు చాలా నెలల తరవాత కాస్త ఊపిరి ఆడింది.

అంతలో అక్కయ్య ఒక రికార్డును తీసేసే మీట నొక్కి, చెయ్యి గాల్లో అలాగే ఉంచింది. ఎదురుచూస్తోంది.

"అయిపోయిందండీ, తీసేసింది. ఇంక అడగదు" అంది లీడరు.

"నా పెట్టె ఏదండీ?" అంది అక్కయ్య.

లీడరుకు అర్థం కాలేదు. మీ పెట్టె ఏమిటని అడిగింది. ఆవిడ గదిలో ఇంకెవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి చెప్పింది. ఆరేళ్ళ కిందట ఒకే వార్డులో ఒకే పేరున్న ఇద్దరు రోగులు ఉండేవారు. ఒకాయన ఇంటికి వెళ్ళిపోయాడు, ఇంకొకాయన మంచం మీద ఉన్నాడు. వెళ్ళిపోయినాయన రికార్డు తీసెయ్యబోయి ఈవిడ ఉన్నాయన రికార్డు తీసేసింది. కొత్త కళ్ళద్దాలు అలవాటు పడని రోజులు. ప్రోగ్రాము అప్పుడు కూడా అడిగింది, తీసెయ్యమంటారా అని. రోజుకు వందసార్లు అడిగే ప్రశ్నే కదా అని ఈవిడ సరే నొక్కేసింది. డాక్టర్లు కాగితం మీద కూడా రాసుకుని ఉండబట్టి ఆయనకేమీ కాలేదు. కానీ ఎంక్వయిరీ వేశారు. ఉద్యోగంలోంచి తీసేసే ఆర్డరు టైపయి, సంతకానికి వెళ్ళింది.

"మీ బాబాయి గారొచ్చారు. మధ్యాహ్నమంతా నా కుర్చీలో కూర్చుని, నేను చేసినట్టే చేసి చూసుకున్నారు. సాయంత్రానికి ఉత్తరం రాసిచ్చారు. ప్రోగ్రాము రోగి పేరు చూపించకుండా అడిగింది, అలా అడిగితే ఎవరైనా సరే అంటారు, తప్పు ప్రోగ్రాముది, అది రాసింది నేను అని. మర్నాటికి పెట్టెలో 'ఒకసారి పేరు చదవండి, మీరనుకున్న మనిషేనా' అని వచ్చింది. దాన్ని చూపించి, ఇదిగో సరిదిద్దాను అన్నారు. పైవాళ్ళు ఆర్డరు చింపేశారండీ."

ఒక్క ఈవిడదే కాదు. వయసు 214 వేసింది అత్యవసర విభాగం కౌంటరాయన. మీటల మీద టీ ఒలకబోసుకుని మూడు రోజుల లెక్కలు పోగొట్టింది మందుల కౌంటరులో ఒకాయన. ఈ ఒక్క ఆసుపత్రిలోనే అలాంటివి పదిహేడు ఉన్నాయనీ, ఏది ఎవరిదో తమలో తమకు తెలుసనీ ఆవిడ చెప్పింది. మరి విసుగు రాదా అని లీడరు అడిగింది.

"ఎందుకు రాదండీ, చచ్చేంత వస్తుంది" అంది అక్కయ్య. "కానీ ఒకళ్ళ పెట్టె మీద ఇంకొకళ్ళం ఫిర్యాదు ఎలా చేస్తాం?"

తిరుగు బస్సులో ఈసారి సీటు దొరికింది. అయినా లీడరుకు కాళ్ళు పీకుతూనే ఉన్నాయి. మర్నాడు పొద్దున బగ్‌ల పట్టిక తెరిచింది. ఇన్నాళ్ళూ దాన్ని లెక్కపెట్టిందే తప్ప చదవలేదు. మొదటి నుంచీ చదివింది.

"బగ్ 97. ఒకే పేరున్న ఇద్దరిని ఒకే రంగులో, పక్కపక్కన చూపించాను. వాడేవారి కళ్ళద్దాలు మారాయని కనుక్కోలేదు. బాధ్యుడు: నేను."

"బగ్ 288. మీటల పక్కన కప్పు పెట్టుకోవద్దని ముందుగా హెచ్చరించలేదు. బాధ్యుడు: నేను."

దీని దగ్గర ఆమెకు నవ్వొచ్చింది. గదిలో ఉన్న తొమ్మిదిమందీ తలలు తిప్పి చూశారు, ఆమె నవ్వి చాలాకాలమైంది మరి. ఆ తరవాతది చదివాక నవ్వు ఆగిపోయింది.

"బగ్ 301. మందుల అంకె తప్పు పడింది. అంకె వేసినామె తల్లి పోయిన నాలుగో రోజున డ్యూటీకి వచ్చింది. అలాంటి రోజున ఎవరి చెయ్యి అయినా జారుతుందని ప్రోగ్రాము రాసేటప్పుడే ఆలోచించి ఉండాల్సింది. బాధ్యుడు: నేను."

బాబాయి టీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉంటే, ఆమె వెళ్ళి పక్కన నిలబడింది. అక్కయ్య చెప్పిందంతా చెప్పింది. దొంగతనం బయటపడ్డవాడిలా ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"కప్పు కూడా మీ తప్పేనా బాబాయ్ గారూ?" అంది.

"దానికి చాలా కష్టపడాల్సి వచ్చిందమ్మాయ్" అన్నాడాయన నిజాయితీగా. "రెండు రోజులు ఆలోచిస్తే గానీ నా తప్పు ఎక్కడుందో దొరకలేదు."

ఈ సంగతంతా డైరెక్టరుకు చెప్పేస్తానంది ఆమె. బాబాయి కప్పు కిటికీ గట్టు మీద పెట్టేశాడు. వద్దన్నాడు. ఆ పట్టికను ఆసుపత్రులవాళ్ళు కూడా చూస్తారు, బగ్‌లు కావు, మీ మనుషులు చేసిన పొరపాట్లు అని ఇప్పుడు చెబితే పాత ఎంక్వయిరీలన్నీ మళ్ళీ తిరగదోడతారు, ఆ అక్కయ్యకు ఇంకో మూడేళ్ళ సర్వీసే ఉంది అన్నాడు.

"మరి మీ సంగతి?"

"నాకూ రెండేళ్ళేగా."

ఆమెకు ఒళ్ళు మండింది. ఇంత మంచితనం ఎవరికి కావాలి, ఆసుపత్రివాళ్ళు మీటలు నొక్కలేక చస్తున్నారు, నేను బస్సులెక్కలేక చస్తున్నాను, ఇదంతా చెయ్యడానికి పెట్టెలు తప్ప ఇంకో దారే దొరకలేదా అని అడిగేసింది. బాబాయికి కోపం రాలేదు. ఆయనకు కోపం రావడం ఎవరూ చూడలేదు కూడా.

"దొరక్కేం? మొదట్లో వేరే అనుకున్నాను. చేసిన పనిని వెనక్కి తీసుకునే మీట ఒకటి పెడదామనుకున్నా. అప్పుడు టైము లేదన్నారు. వెనక్కి తీసుకునే వీలు లేనప్పుడు ముందే అడగాలిగా మరి" అన్నాడు.

ఎవరన్నారని ఆమె అడిగింది. గుర్తులేదన్నాడు. గుర్తుందని ఆయన మొహం చూస్తేనే తెలుస్తోంది.

ఆఫీసు మూల ఇనప బీరువాలో పాత కాగితాలున్నాయి. తలుపు సగమే తెరుచుకుంటుంది, ముందు బకెట్టు జరపాలి. లీడరు బకెట్టు జరిపి, నేల మీద కూర్చుని, దుమ్ముకు తుమ్ముతూ గంటన్నర వెతికింది. కంపెనీ మొదటి ఏడాది వేసుకున్న పనుల ప్రణాళిక దొరికింది. పద్నాలుగో వరసలో బాబాయి గుండ్రటి చేతిరాతతో "వెనక్కి మీట: రెండు నెలలు" అని ఉంది. దాని మీద అడ్డంగా ఎర్ర గీత. పక్కన "తరవాత చూద్దాం" అన్న మాట, కింద డైరెక్టరు సంతకం.

ఆమె ఆ కాగితం పట్టుకుని తిన్నగా డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కుంది, లోపలికి వెళ్ళాక అంతా మర్చిపోయి ఒక్క మాటే చెప్పింది.

"సార్, బగ్‌లు నాలుగువందల పన్నెండు కావు. ఒక్కటే. చేసింది వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోవడం. అది నాలుగువందల పన్నెండు సార్లు బయటపడింది."

కాగితం ఆయన ముందు పెట్టింది. డైరెక్టరు ఎర్ర గీతను చూశాడు, సంతకాన్ని చూశాడు. రెండు ఫోన్లలో ఒకటి మోగి మోగి ఆగిపోయింది. ఆయన ఉలిక్కిపడటం కూడా మర్చిపోయాడు.

"ఇది నా సంతకమేనా?"

"మీదే సార్."

"నిజంగా?" అన్నాడు డైరెక్టరు.

పెట్టెల జబ్బు ఆ గదిలోకి కూడా వచ్చేసిందని లీడరుకు తెలిసిపోయింది. నవ్వు ఆపుకుని తల ఊపింది. ఆయన కాగితాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, ఇప్పుడైతే ఎన్నాళ్ళు పడుతుందని అడిగాడు. అప్పుడూ ఇప్పుడూ రెండు నెలలే అంది ఆమె. సూపరింటెండెంటుతో తను మాట్లాడి గడువు అడుగుతానన్నాడు. బాబాయి మీద రిపోర్టు సంగతి ఆయన ఎత్తలేదు, ఆమె గుర్తు చెయ్యలేదు.

ఆ రెండు నెలలూ ఎదురెదురు బల్లలు రెండూ ఒకే బల్లయిపోయాయి. తీసేసిన రికార్డు నెల రోజుల దాకా ఒక బుట్టలో పడి ఉండేలా ఆమె రాసింది. ఏ పనైనా ఒక్క నొక్కుతో వెనక్కి వచ్చే మీట బాబాయి రాశాడు. ఆ మీట మీద "వెనక్కి" అని ఉంటే చాలని ఆమె అంది. ఆయన దగ్గి, కింద చిన్న అక్షరాలతో "ఏం పరవాలేదు" అని కూడా వేస్తే ఎలా ఉంటుందని అడిగాడు. వెయ్యమంది. ఆ తరవాత పెట్టెలు తీసేసే పని పడింది. ఒక్కోదాన్నీ పైకి చదివి, "ఇది తీసేద్దామా అమ్మాయ్?" అని అడిగేవాడు. ఆమె సరే అనేది. మూడువందల తొంభై మూడు సార్లు అడిగాడు, మూడువందల తొంభై మూడు సార్లు సరే అంది. పంతొమ్మిది మిగిలాయి. వాటిలో అక్కయ్యది ఒకటి. అది మంచి ప్రశ్నే కనక ఉంచారు, మొహమాటానికి కాదు.

పెద్ద ఆసుపత్రి కంపెనీని వదిలిపెట్టలేదు. పేరు నమోదుకు ఇప్పుడు రెండే నొక్కులు. సూపరింటెండెంటు మళ్ళీ కౌంటరు వెనక నిలబడి లెక్కపెట్టుకుని, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడట. ఆయన ఏమీ అనకపోవడం మెచ్చుకోవడమేనని అక్కయ్య ఫోను చేసి చెప్పింది.

కొత్త ప్రోగ్రాము వెళ్ళిన మూడో వారంలో, ఒక మధ్యాహ్నం, లీడరు బల్ల మీద ఫోను మోగింది. ఏదో చిన్న ఆసుపత్రి. అటువైపు ఎవరో అమ్మాయి. ఉద్యోగంలో చేరి నాలుగు రోజులైందట. తెర మీద అనవసరమైనవేవో ఉన్నాయనిపించి తీసేసిందట, బుట్ట నిండుగా కనపడితే అది కూడా ఖాళీ చేసేసిందట. వెనక్కి నొక్కితే ఏమీ రావడం లేదట. మా ఆఫీసరు వస్తున్నారండీ, ఏం చెప్పమంటారు అని అడుగుతోంది.

లీడరు ఆ పూట భోజనం కూడా చెయ్యలేదు. కణతలు నొక్కుకుంది. బుట్ట ఖాళీ చెయ్యొద్దని ప్రోగ్రాముతో పాటు ఇచ్చిన పుస్తకంలో మూడో పేజీలోనే ఉంది. ఆ మాట నోటిదాకా వచ్చింది.

"కంగారు పడకమ్మా. నిన్నటి నకలు మా దగ్గర ఉంది, సాయంత్రానికి పెట్టేస్తాం" అంది. "తప్పు మా వైపుది. బుట్టకు తాళం పెట్టాల్సింది, నేనే మర్చిపోయాను. మీ ఆఫీసరుకు అదే చెప్పు. కావాలంటే ఉత్తరం పంపిస్తాను."

 అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఒక "థాంక్సండీ" వినిపించాయి. ఫోను పెట్టేసి ఆమె బగ్‌ల పట్టిక తెరిచింది. కొత్త వరసలో "బుట్టకు తాళం లేదు" అని రాసి, బాధ్యుల గడిలో తన పేరు వేసింది. పూర్తిచేసి తలెత్తితే వెనకాల బాబాయి నిలబడి ఉన్నాడు. కళ్ళద్దాలు ముక్కు చివరికి దించుకుని, ఆ వరసను రెండుసార్లు చదివాడు. పెదవి విరిచాడు.

"ఇంత పొడిగా రాస్తే ఎవరూ నమ్మరమ్మాయ్" అన్నాడు. "లేని తప్పు ఒప్పుకునేటప్పుడు కాస్త వివరాలుండాలి."

తన కుర్చీ లాక్కొచ్చి ఆమె పక్కన వేసుకుని, నేర్పడానికి కూర్చున్నాడు.